సంద్రం చల్లబడితే... చేపకు పండగే!

ముంగిట్లో సముద్రం ఉంది. అయినా చేపల కోసం మరో సముద్రానికి వలస వెళ్తారు. వినడానికి విడ్డూరంగా ఉన్నా, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరంలో ఏ పల్లెలో అడిగినా ఇదే కథ. ఎందుకిలా అని ఆరా తీస్తూ పోతే, ఆ దారి గంగమ్మ సముద్రంలో కలిసే చోటికీ, హిమాలయాల మంచు దగ్గరికీ వెళ్తుంది. చివరికి ధ్రువాల్లో మంచుపలకల కింద ఈదులాడే చేపల దగ్గర తేలుతుంది!

వాళ్లొస్తే... వీళ్లుండరు!

టెక్కలికి దగ్గర్లో తేలినీలాపురం అనే ఊరుంది. ఏటా వానలు వెనకబట్టే రోజులకు ఆ ఊరి చెట్లు తెల్లగా విరబూసినట్టు కనిపిస్తాయి. దగ్గరికెళ్తే తెలుస్తుంది, అవి పూలు కావు... పక్షులు. గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ వందల సంఖ్యలో దిగి గూళ్లు కట్టుకుంటాయి. పిల్లల్ని పొదిగి, వాటికి రెక్కలొచ్చాక వేసవిలో మళ్లీ లేచిపోతాయి. పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్ని చూసుకున్నట్టు ఊరివాళ్లు వాటిని చూసుకుంటారు.

అందరూ వాటిని సైబీరియా పక్షులంటారు. నిజానికి ఈ రెండు జాతులూ మన దేశంలో గూళ్లు కట్టుకునేవే. చలికి భయపడి కాదు, తిండిని వెతుక్కుంటూ ఊళ్లు మారతాయి. నౌపడ చిత్తడి నేలల్లోనూ చుట్టుపక్కల చెరువుల్లోనూ చేప దొరికినన్నాళ్లూ ఉంటాయి. ఆ తర్వాత వాటి దారి వాటిది.

విచిత్రం ఏమిటంటే, ఆ పక్షులు దిగడానికి కాస్త ముందే ఈ తీరంలోని మగవాళ్లు ఎగిరిపోతారు. భావనపాడు నుంచి బారువ దాకా, ఇంకా పైన ఇచ్ఛాపురం వరకూ ఉన్న మత్స్యకార పల్లెల్లో జూలై, ఆగస్టు నెలలు వస్తే సంచులు సర్దుకోవడమే. పలాస స్టేషన్లో రైలెక్కి కొందరు చెన్నైకి, కొందరు పారాదీప్‌కి, ఇంకొందరు దేశానికి ఆ చివరన ఉన్న గుజరాత్‌లోని వెరావల్‌కి పోతారు. మళ్లీ ఇల్లు చూసేది వేసవిలోనే. అంటే పక్షులు ఉన్నన్నాళ్లూ వీళ్లుండరు. అవి వెళ్లాక వీళ్లొస్తారు. రెండు వలసలకీ కారణం ఒక్కటే... చేప!

‘ఏడి నీట్లో ఏటుంతాది?’

వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి కూతవేటు దూరంలో ఓ పల్లె. అక్కడో ఇంట్లో ఓ తాత, ఓ మనవరాలు. తాత యాభై ఏళ్లు తెప్ప మీద బతికినవాడు. ఇప్పుడు కళ్లు సరిగా ఆనవు గానీ వల అల్లే వేళ్లకు ఇంకా చూపుంది. మనవరాలు పలాసలో ఇంటర్ చదువుతోంది. బైపీసీ. ఆమె నాన్న వెరావల్‌లో బోటు మీద ఉన్నాడు.

ఓ సాయంత్రం ఫోన్‌లో ఏదో వీడియో చూస్తూ ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. మంచుగడ్డ కింద చేపలు. ఒకటీ రెండూ కాదు, మందలకు మందలు!

‘‘తాతా... అంత సలి నీట్లో అన్ని సేపలెలా ఉన్నాయి? మన సంద్రం వెచ్చగా ఉంతాది కదా, మరి మనకెందుకు లేవు?’’

తాత వల మీంచి తలెత్తలేదు.

‘‘ఏడి నీట్లో ఏటుంతాదే అమ్మీ? మా అయ్య సెప్పీవోడు... నీట్లో సెయ్యెడితే సల్లగా తగలాల, అప్పుడు వల ఎయ్యాల. ఏడిగా ఉంటే సేప కిందకి దిగిపోతాది. తెప్ప తిప్పీడవే.’’

మనవరాలికి ఇది నమ్మబుద్ధి కాలేదు. వెచ్చగా ఉంటేనే కదా చెట్టయినా మొక్కయినా బాగా పెరిగేది? చలిదేశాల్లో గడ్డి కూడా మొలవదు. మరి సముద్రంలో లెక్క తలకిందులెందుకవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే వాళ్ల నాన్న వెరావల్‌లో ఎందుకున్నాడన్న ప్రశ్నకు కూడా సగం జవాబు దొరికినట్టే.

పైన ఎండ... కింద ఎరువు

నేల మీద పంటకు కావాల్సినవి రెండు... ఎండ, ఎరువు. సముద్రంలోనూ అంతే. కాకపోతే అక్కడ పంటంటే కంటికి కనిపించని పచ్చటి నాచు కణాలు. వాటినే ప్లవకాలంటారు. ఆ కణాల్ని నూకగింజంత రొయ్యలాంటి పురుగులు తింటాయి. ఆ పురుగుల్ని నెత్తళ్లు, కానాగంతలు తింటాయి. కవ్వళ్లయితే నాచునూ పురుగునూ కలిపి వడకట్టుకుని మింగేస్తాయి. వీటిని వంజరం, సావడాయి తింటాయి. వాటి వెనక సొర. అందరి వెనకా మనిషి. మన పళ్లెంలోకి వచ్చిన వంజరం ముక్కను వెనక్కి విప్పుకుంటూ పోతే చివర తేలేది ఆ నాచు కణమే.

ఆ నాచుకు ఎండ పైన దొరుకుతుంది. ఎరువు మాత్రం అడుగున ఉంటుంది. చచ్చిన చేపా పురుగూ నాచూ అన్నీ కిందకి దిగి, కుళ్లి, నత్రజని, భాస్వరంగా మారేది లోతుల్లోనే. పైన ఎండ, కింద ఎరువు... రెండూ కలవకపోతే పంట లేదు. కలపాలంటే నీటిని చిలకాలి. క్షీరసాగరాన్ని చిలికితేనే అమృతం వచ్చిందని మన పురాణం చెబుతుంది. అసలు సముద్రం సంగతీ అదే. ఇక్కడ కవ్వం పట్టేది చలి!

ఎలాగంటే... వెచ్చటి నీరు తేలిక, చన్నీరు బరువు. పైనీరు వెచ్చగా ఉన్నంతకాలం అది పైనే తేలుతూ ఉంటుంది, కిందనీరు కిందే ఉంటుంది. పైనీరు చల్లబడితే బరువెక్కి కిందకి దిగుతుంది. ఆ కదలికకు అడుగునీరు తన ఎరువుతో సహా పైకి లేస్తుంది. దానికి ఎండ తగిలిందా... నాచు విరగపండుతుంది. తాతకు ఈ చదువు లేదు. కానీ చన్నీరు చేతికి తగిలితే చేప దగ్గర్లోనే ఉందన్న లెక్క మాత్రం తప్పలేదు.

ఇంకో సంగతి. చన్నీరు ప్రాణవాయువును ఎక్కువగా పట్టి ఉంచుతుంది. సున్నా డిగ్రీల సముద్రపు నీటిలో, 30 డిగ్రీల నీటితో పోలిస్తే దాదాపు రెట్టింపు ఆక్సిజన్ ఇముడుతుంది. కడుపు నిండా తిండి, గుండె నిండా గాలి. చేపకు ఇంతకంటే ఏం కావాలి?

మంచు కింద పెళ్లిభోజనం

ఈ చిలకడం అన్నిటికంటే బలంగా సాగేది ధ్రువాల చుట్టూ ఉన్న సముద్రాల్లో. అక్కడ శీతకాలమంతా చీకటి. సముద్రం పైభాగం గడ్డకడుతుంది. గడ్డకట్టేటప్పుడు నీరు తనలోని ఉప్పును బయటికి తోసేస్తుంది. ఆ ఉప్పునీరు మరింత బరువెక్కి కిందకి దిగుతుంది. ఇలా నెలల తరబడి చిలికి చిలికి ఎరువు పైకి చేరుతుంది. వసంతం రాగానే సూర్యుడు అస్తమించకుండా రోజంతా కాస్తాడు. అప్పుడు చూడాలి, నెలల ఆకలి ఒక్కసారి తీరినట్టు నాచు పండిపోతుంది. మంచుపలకల అడుగున కూడా పచ్చగా అట్టకడుతుంది.

ఉత్తర ధ్రువం వైపు ఈ విందుకు ముందుగా వచ్చేవి బియ్యపుగింజంత పురుగులు. ఆ నాలుగు నెలల తిండినీ అవి నూనెగా మార్చి ఒంట్లో దాచుకుంటాయి. ఎండబెట్టి తూస్తే సగానికి పైగా నూనే! వీటిని తినేది ధ్రువపు కాడ్ చేప. అడుగు పొడవు కూడా ఉండదు. పిల్లచేపలు మంచుపలకల పగుళ్లలో దాక్కుని, పలక అడుగున పాకే పురుగుల్ని ఏరుకు తింటాయి. ఈ చిన్న చేపను నమ్ముకునే సీల్‌లు, తెల్ల తిమింగలాలు, సముద్ర పక్షులు బతుకుతాయి. మన తీరంలో నెత్తళ్లు ఏ పని చేస్తాయో అక్కడ ఈ చేప ఆ పని చేస్తుంది. పెద్దలందరికీ అన్నం తనే!

చిన్నప్పుడు అమ్మ బలవంతాన మింగించిన కాడ్ లివర్ ఆయిల్ గోళీ గుర్తుందా? పసుపుపచ్చగా, మెరుస్తూ, పగిలితే నీచుకంపు కొడుతూ... అది ఉత్తరాది చన్నీళ్లలో తిరిగే పెద్ద కాడ్ చేప కాలేయంలోని నూనె. ఆ నూనె కూడా మెట్టుమెట్టుగా అలాంటి నాచూ పురుగుల దగ్గర్నుంచి వచ్చిందే. పలాస మందుల షాపులోని ఓ గోళీలో ఎక్కడో ఉత్తరాన కాసిన ఎండ ఉందన్నమాట.

దక్షిణ ధ్రువం దగ్గర తిండి పేరు మారుతుంది. అక్కడ అందరి అన్నం క్రిల్. చిటికెనవేలంత రొయ్యలాంటి జీవి. చేప, పెంగ్విన్, సీల్, తిమింగలం... అందరి కడుపులోనూ అదే. మన దేశం కూడా దాని లెక్క తేల్చడానికి 1995-96లో ‘సాగర్ సంపద’ నౌకను అంటార్కిటికా సముద్రానికి పంపింది.

ఇక అక్కడి చేపల సంగతి వింటే కట్టుకథ అనిపిస్తుంది. ఉప్పునీరు గడ్డకట్టేది మైనస్ 1.9 డిగ్రీల దగ్గర. మామూలు చేప రక్తం అంతకంటే ముందే, మైనస్ ఒకటి కూడా రాకముందే గడ్డకడుతుంది. మరి అంటార్కిటికా చేప ఎలా బతుకుతోంది? అమెరికా శాస్త్రవేత్త ఆర్థర్ డెవ్రీస్ 1960ల్లో ఆ గుట్టు విప్పారు. ఆ చేప రక్తంలో ఒక రకం ప్రొటీన్ ఉంటుంది. మంచు రవ్వ పుట్టగానే దాన్ని చుట్టుముట్టి పెరగనివ్వదు. ఉత్తర ధ్రువపు కాడ్‌లోనూ ఇలాంటి ప్రొటీనే ఉంది. ఈ రెండింటికీ చుట్టరికం లేదు. భూమికి ఆ కొస ఒకటి, ఈ కొస ఒకటి. అయినా చలి ఇద్దరికీ ఒకే పాఠం నేర్పింది!

అంటార్కిటికాలోనే మంచుచేపలని ఇంకో వంశం ఉంది. వాటి రక్తం ఎర్రగా ఉండదు, నీళ్లలా తెల్లగా ఉంటుంది. రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్ వాటికి లేదు. వెన్నెముక ఉన్న జీవుల్లో పెద్దయ్యాక కూడా అది లేకుండా బతికేవి ఇవొక్కటే. చన్నీటిలో ప్రాణవాయువు పుష్కలం కాబట్టి రక్తంలో కరిగినదే సరిపోతుంది. దాన్ని ఒళ్లంతా తిప్పడానికి పెద్ద గుండె ఉంటుంది. 2021లో జర్మనీ పరిశోధన నౌక పోలార్‌స్టెర్న్ వెడెల్ సముద్రం అడుగున కెమెరా దింపితే, ఈ మంచుచేపల గూళ్లు బారులు తీరి కనిపించాయి. దాదాపు 240 చదరపు కిలోమీటర్ల మేర సుమారు 6 కోట్ల గూళ్లు ఉంటాయని అంచనా. తేలినీలాపురం చెట్ల మీద పక్షి తన గుడ్లను కాచినట్టే, అక్కడ చాలా గూళ్లలో ఒక్కో చేప గుడ్లకు కాపలా కూర్చుంది.

మనవరాలు ఇదంతా చదివి వినిపిస్తే తాత చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి అన్నాడు.

‘‘గూట్లో కూకున్న సేపని పట్టకూడదే అమ్మీ. అది పాపం.’’

జాడీ మీద నూనెలా...

మరి బంగాళాఖాతం సంగతేమిటి? చలి కవ్వం ఇక్కడ ఎందుకు తిరగదు?

కొత్తావకాయ జాడీ గుర్తు చేసుకోండి. పైన నూనె తేరుకుని ఉంటుంది. కింద ముక్కా కారం ఊరుతూ ఉంటాయి. నూనె మూతలా నిలిచి పైగాలిని కిందకి పోనివ్వదు. బంగాళాఖాతం అలాంటి జాడీ. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, అటు బర్మా వైపు ఐరావతి... ఇన్ని నదుల మంచినీరు వచ్చి దీని మీద పరుచుకుంటుంది. పైన కురిసే వాన సరేసరి. మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక. అందులోనూ వెచ్చగా ఉంటుంది. ఏడాదిలో చాలా నెలలు ఈ సముద్రం పైపొర 28 డిగ్రీలకు తగ్గదు. ఆ తేలిక పొర మూతలా పడుకుంటే, అడుగున ఎరువున్నా పైకి రాలేదు.

గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్త ప్రసన్నకుమార్ బృందం 2002లో ఈ విషయాన్నే వివరించింది. నైరుతి గాలులు వీచే కాలంలో అరేబియా సముద్రం కంటే బంగాళాఖాతంలో నాచు పంట తక్కువగా ఉండటానికి ఈ మంచినీటి మూతే ప్రధాన కారణమని తేల్చింది.

అలాగని మన సముద్రం గొడ్డుబోయిందని కాదు. నదీముఖాల దగ్గర రొయ్యకూ పిల్లచేపలకూ లోటు లేదు. గాలి తీరం వెంట వీచే రోజుల్లో పైనీరు లోపలికి జరిగి, ఆ చోటులోకి అడుగునుంచి చన్నీరు ఎగదన్నుతుంది. 1950ల్లో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి పరిశోధకులతో కలిసి ఈ ఎగదన్నుడు గురించి అధ్యయనం చేశారు. తాత చెప్పిన ‘సల్లటి నీరు’ ఇదే. కాకపోతే ఇది ఒడ్డు వెంట సన్నటి పట్టీలా, కొద్దికాలమే ఉంటుంది.

తుఫాను కూడా ఓ కవ్వమే. అది సముద్రాన్ని తిప్పి వెళ్లాక కొన్ని రోజులు నీరు పచ్చబడటాన్ని ఉపగ్రహాలు చూశాయి. కానీ ఆ కవ్వం పట్టే చెయ్యి ఒడ్డును బతకనివ్వదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఉద్దానంలో కొబ్బరినీ జీడితోటల్నీ నేలమట్టం చేసిన తీరును ఇక్కడివాళ్లు ఎలా మర్చిపోతారు?

మన సముద్రంలో మరో అందం ఉంది. కాశీబుగ్గ మార్కెట్లో ఒక్క గంపలో ఎన్ని రకాలో చూడండి. కవ్వళ్లు, కానాగంతలు, చందువ, మాగ, గులివిందలు, సావడాయి... వెచ్చటి సముద్రంలో రకాలు ఎక్కువ, ఒక్కోటీ కొంచెం. చలి సముద్రంలో రకాలు తక్కువ, ఒక్కోటీ కుప్పలు. కూరకు మన సముద్రం మంచిది. వ్యాపారానికి వాళ్ల సముద్రం మంచిది!

హిమాలయం పంపే చేప

వెరావల్ ధ్రువంలో లేదు కదా? అక్కడ చలెక్కడిదంటారా? హిమాలయాల నుంచి!

శీతకాలంలో ఉత్తరాన మంచు మీదుగా వీచే పొడిగాలి అరేబియా సముద్రపు ఉత్తర భాగం మీద పడుతుంది. అటు పెద్ద నదుల మంచినీటి మూత లేదు. పొడిగాలికి పైనీరు ఆవిరై ఉప్పగా మారుతుంది, చల్లబడుతుంది. వేడి రోజుల్లో 28 డిగ్రీలు దాటే నీరు ఫిబ్రవరి నాటికి సుమారు 24కి దిగుతుంది. బరువెక్కి కిందకి జారుతుంది. అడుగు ఎరువు పైకి లేస్తుంది. గోవా సంస్థకే చెందిన మధుప్రతాప్ బృందం 1996లో ‘నేచర్’ పత్రికలో ఈ సంగతి ప్రకటించింది. అంటే ధ్రువాల దగ్గర జరిగే చిలకడమే చిన్నపాటిగా గుజరాత్ ఎదుటా జరుగుతోంది. మన నాలుగు డిగ్రీల చలికే అంత చేప!

ఉద్దానం వలసకు ఇదొక్కటే కారణమంటే అబద్ధమవుతుంది. గుజరాత్ ఎదుట లోతు తక్కువ సముద్రం చాలా దూరం పరుచుకుని ఉంది. అక్కడ పెద్ద హార్బర్లున్నాయి, వేల మరబోట్లున్నాయి. బోటు యజమానులు నెల జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారు. 190 కిలోమీటర్ల పైచిలుకు తీరమున్న శ్రీకాకుళం జిల్లాలో మరబోట్లు నిలిచే చోటు దశాబ్దాల తరబడి కరువే. అలల మీద తెప్పను తోసుకుని వెళ్లి వచ్చేవాడు ఎంత దూరం పోగలడు? చేపను కూడగట్టేది చలి. మనిషిని రైలెక్కించేది లేమి.

ఆ చేప వెంట వెళ్తే గీతలు కనిపించవు. 2018 నవంబరులో వెరావల్ నుంచి వేటకు వెళ్లిన బోట్లను పాకిస్తాన్ పట్టుకుంది. వాటిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు 22 మంది ఉన్నారు. కరాచీ జైల్లో ఏడాదికి పైగా గడిపారు. 2020 జనవరి 6న వాఘా సరిహద్దులో 20 మందిని విడిచిపెట్టారు. మిగతా ఇద్దరూ ఆ తర్వాత వచ్చారు. ఆ కథ ఆధారంగానే 2025లో ‘తండేల్’ సినిమా వచ్చింది. అదే 2020లో లాక్‌డౌన్ పడితే వేల మంది మన జాలర్లు వెరావల్‌లో బోట్ల మీదే చిక్కుకుపోయి, చివరికి బస్సుల్లో ఇల్లు చేరారు.

చేపకు సరిహద్దు తెలియదు, దానికి తెలిసింది తిండి ఒక్కటే. దాని వెనక వెళ్లే మనిషికి మాత్రం సరిహద్దూ ఉంది, జైలూ ఉంది.

కవ్వం ఆగిపోతే?

ఇప్పుడు అసలు భయం ఏమిటంటే, ఆ కవ్వమే నెమ్మదిస్తోంది.

హిమాలయాల మీద మంచు తగ్గుతోంది. అక్కడి నుంచి వచ్చే గాలిలో చలి చాలడం లేదు. గోవాలో చదువుకుని అమెరికాలో స్థిరపడ్డ శాస్త్రవేత్తలు జోయాక్విమ్ గోయస్, హెల్గా గోమ్స్ బృందం 2020లో ఈ సంగతే రాసింది. ఉత్తర అరేబియా సముద్రంలో శీతకాలపు చిలకడం బలహీనపడుతోందట. చేపకు పనికొచ్చే నాచు స్థానంలో రాత్రిళ్లు మిణుగురులా మెరిసే మరో జీవి పచ్చగా కమ్ముకుంటోందట. చూడటానికి అందమే. కానీ చేపలకు అది అంతగా పనికిరాదు. జెల్లీచేపల్లాంటివే దాన్ని తింటాయి. అటు పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2016లో మరో లెక్క చెప్పింది. పశ్చిమ హిందూ మహాసముద్రంలో గత ఆరు దశాబ్దాల్లో నాచు పంట 20 శాతం దాకా పడిపోయిందని.

ధ్రువాల దగ్గరా అదే వరస. నీరు వెచ్చబడేకొద్దీ దక్షిణాన ఉండాల్సిన కాడ్, కేపెలిన్ చేపలు ఉత్తరానికి జరుగుతున్నాయి. వెచ్చదనం వస్తే మన చేప చలి వైపు జరగొచ్చు. మరి చలి చిట్టచివరి అంచున ఉన్న ధ్రువపు కాడ్ ఎక్కడికి జరుగుతుంది? దానికి ఆ పైన ఊరు లేదు.

మంచు కరిగిన చోటికి పెద్ద బోట్లు వెళ్లాలని చూడటం సహజమే. అయితే ఇక్కడ మనుషులు ఒక మంచిపని చేశారు. ఉత్తర ధ్రువపు నడిసముద్రంలో ఏ చేప ఎంతుందో, ఏం తిని బతుకుతోందో తెలిసేదాకా వ్యాపార వేట వద్దని 2018లో పది పక్షాలు సంతకాలు చేశాయి. 2021 జూన్‌లో అమల్లోకి వచ్చిన ఆ ఒప్పందం కనీసం 16 ఏళ్లు ఉంటుంది. దక్షిణాన క్రిల్‌కీ ఓ హద్దుంది. అట్లాంటిక్ వైపు ఒక సీజన్‌లో 6.2 లక్షల టన్నులు దాటకూడదు. 2025లో ఆ హద్దుకు చేరడంతో వేటను మధ్యలోనే ఆపేశారు. పట్టేముందు దాని తిండి సంగతి తెలుసుకో, దాన్ని తిని బతికేవాళ్ల సంగతి తెలుసుకో అన్నదే ఈ రెండిటి సారం.

ఈ సూత్రం బంగాళాఖాతానికి పనికిరాదా? సన్నకన్ను వలలో పడ్డ పిల్లచేప వంజరం కడుపులోకి పోవాల్సింది కోళ్ల దాణాలోకి పోతోంటే, రేపటి వంజరం ఎక్కడి నుంచి వస్తుంది? ఎరువు పైకి రావడమే కష్టమైన సముద్రంలో ఉన్న కాస్త తిండినీ మనమే ఊడ్చేస్తే, ఆ పైమెట్టు మీద మిగిలేదెవరు?

పండక్కి రాని నాన్న

సంక్రాంతి ముందు వెరావల్ నుంచి ఫోనొచ్చింది.

‘‘ఈడ సలి ఎక్కువుందమ్మా. రగ్గు కప్పుకున్నా ఆగట్లేదు. సేప మాత్రం బాగా పడతాంది’’ అన్నాడు నాన్న.

‘‘అయితే మంచిదే కదా నాన్నా’’ అంది మనవరాలు.

అనేసింది గానీ తర్వాత మాట రాలేదు. చలి ఎంత ముదిరితే చేప అంత ఎక్కువ. చేప ఎంత ఎక్కువైతే నాన్న రావడం అంత ఆలస్యం. ఆ ఇంట్లో ఏ సంక్రాంతికీ నాన్న లేడు. పుస్తకాల్లో చదివిన చన్నీటి చిలకడం ఆ పిల్లకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

‘‘ఫోన్లో ఏటంతన్నాడు?’’ అని అడిగాడు తాత.

‘‘సలిగా ఉందట తాతా.’’

‘‘మరింకేటి... సేప పడినట్టే’’ అని తాత మళ్లీ వల మీదికి వంగాడు.

నాన్న వేసవిలో వస్తాడు. ఆయన వచ్చేసరికి ఇక్కడ వేట ఉండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పుతీరంలో మరబోట్ల వేటకు సెలవు. చేపలు గుడ్లు పెట్టుకునే కాలం అది. బోట్లు ఒడ్డున బోర్లాపడి ఉంటాయి. వలలు ఇసుకలో ఆరుతుంటాయి. లోపల నీటిలో, కంటికి ఆననంత చిన్న చేపపిల్లలు మొదటి మెతుకు కోసం నోరు తెరుస్తుంటాయి. ఒడ్డున ఓ ఇంట్లో నలుగురూ ఒకే చోట కూర్చుని అన్నం తింటుంటారు.